ధన్‌బాద్‌లో దీప పరీక్ష

మన పత్రికలో యాత్రా వ్యాసమంటే పాఠకులు ఊటీనో, కాశీనో, కన్యాకుమారినో ఆశిస్తారు. మేమిప్పుడు వ్రాయబోయే ఊరికి ఎల్.టి.సి. మీద సకుటుంబంగా వెళ్ళినవారు మన సంస్థలో ఉన్నారని అనుకోము. అక్కడ కొండలు లేవు, కోవెలల కోసం ఎవరూ పోరు. ఊరంతా బొగ్గు పొడి. అయినా 2024 జనవరిలో మేము ముగ్గురము అక్కడ గడిపిన నాలుగు రోజులు మా ముప్పదియేండ్ల ఉద్యోగ జీవితంలో మరపురానివి. ఆ ఊరు ధన్‌బాద్. వెళ్ళిన పని చాలా చిన్నది: చేతి టార్చికి ఏ బ్యాటరీ వేయాలో తేల్చుకొని రావడం.

ఇంత చిన్న పనికి అంత దూరమెందుకని మా ఇంట్లోనే అడిగారు. కారణం చెప్పక తప్పదు.

అంతకు ముందటి వర్షకాలంలో మా కోక్ ఓవెన్ల నేలమాళిగలో ఒక ప్రమాదం జరిగింది. కోక్ ఓవెన్ల వరుసను కూడా బ్యాటరీ అనే అంటారు గనుక, ఈ వ్యాసంలో బ్యాటరీ క్రింద బ్యాటరీ ఆరిపోయిన కథ ఉన్నదని పాఠకులు నవ్వుకోవచ్చు. ఆనాడు మాకు నవ్వు రాలేదు. మరమ్మత్తు కోసం విద్యుత్తు ఆపిన వేళ, శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన మా ఫిట్టరొకడు గ్యాస్ గొట్టపు కవాటం దగ్గర నిచ్చెన మీద ఉన్నాడు. మెడలోని కార్బన్ మోనాక్సైడ్ సూచిక కూయసాగింది. దిగుదామని కాలు క్రిందికి పెట్టిన క్షణంలో టార్చి ఆరిపోయింది. మసకబారలేదు, ఎర్రబడలేదు; ఒక్కసారిగా ఆరింది. అతడు తడుముకొంటూ జారిపడి మణికట్టు విరుగగొట్టుకొన్నాడు. గొట్టాన్ని స్పానరుతో కొడుతూ ఉంటే ఆ చప్పుడును బట్టి తోటివారు వెళ్ళి బయటికి తెచ్చారు. ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో మమ్ములను చూచి అతడన్నది ఒక్కటే మాట: "సెప్పాపెట్టకుండా పోనాది బాబూ!"

ఆ టార్చిలోని సెల్లులను సిఫారసు చేసిన కాగితంపై ఉన్న సంతకం మాదే. టార్చితో పాటు వచ్చిన అసలు సెల్లులు పాతబడగా, కొత్తవి తయారీదారు వద్ద ఖరీదెక్కువని, అదే కొలతలో బజారులో దొరికే లిథియం అయాన్ సెల్లులు తెప్పించాము. వాటిపై అచ్చువేసిన సామర్థ్యం అసలు వాటికంటె ఎక్కువగా కనిపించింది. ఎక్కువ అంకె, తక్కువ ధర. ఏ కమిటీ కాదంటుంది? పారవేయకుండా మిగిలిన సెల్లులను ప్రమాదం తరువాత తూచి చూచాము. పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం, అరవై అయిదు మిల్లీమీటర్ల పొడవు గల ఈ రకం మంచి సెల్లు 45 నుండి 50 గ్రాములు తూగుతుంది. మావి ముప్పదియొకటి తూగాయి. గృహిణులు కూరగాయలు తూచి కొన్నంత జాగ్రత్త కూడా మేము చూపలేదు.

అందుచేత ఈ ప్రయాణం. మా వెంట విద్యుత్ విభాగంలోని యువ ఇంజనీరమ్మ ఒకరు, భద్రతా విభాగపు ఫోర్‌మన్‌గారు ఒకరు. విజయవాడలో చీకటితో అలెప్పీ–ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. మన ప్రాంతంలో పాతవారందరూ దానిని నేటికీ బొకారో ఎక్స్‌ప్రెస్ అనే పిలుస్తారు. గోదావరి దాటి, విజయనగరం మలుపు తిరిగి, పార్వతీపురం మీదుగా రాయగడ కొండలలో ప్రవేశించేసరికి మధ్యాహ్నపుటెండ. సొరంగం వచ్చినప్పుడల్లా మా ఫోర్‌మన్‌గారు సంచిలోనుండి తన మూడు సెల్లుల పాత ఇత్తడి టార్చిని తీసి వెలిగించేవారు. "ఇది మా నాన్నగారిది సార్. సెల్లులు నీరసిస్తే మిద్దె మీద ఎండలో పెట్టేవాళ్ళం. మళ్ళీ రెండు రోజులు వెలిగేది" అన్నారు. పాఠకులలో నలుబది దాటిన ప్రతివారికీ ఈ ఎండబెట్టిన సెల్లుల జ్ఞాపకం ఉండి తీరుతుంది. వెచ్చదనానికి లోపలి రసాయనచర్య కొంత చురుకెక్కుతుంది. అంతే తప్ప సూర్యుడు వాటిని నింపడు.

రాత్రి ఒడిశాలో గడిచింది. రాంచీ దగ్గర తెల్లవారింది, దట్టమైన పొగమంచు. బొకారో, చంద్రపుర దాటిన పిమ్మట పట్టాలు బొగ్గుపొరల మీదుగా సాగుతాయి. భూగర్భంలోని నిప్పు కారణంగా ధన్‌బాద్–చంద్రపుర మార్గాన్ని 2017లో మూసివేసి, 2019లో మరల తెరిచారు. కాళ్ళ క్రింద ఎక్కడో మంట ఉన్నదని తెలిసి రైలులో టీ త్రాగడం విచిత్రమైన అనుభవం.

ధన్‌బాద్ గనుల విద్యకు, గనుల భద్రతకు రాజధాని. 1926లో నెలకొన్న గనుల విద్యాలయం (నేటి ఐ.ఐ.టి.), గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ప్రధాన కార్యాలయం, గనుల ఇంధన పరిశోధన సంస్థ, మూడూ ఈ ఊరిలోనే ఉన్నాయి. ప్రేలుడు వాయువుల మధ్య వాడదగిన దీపాలను, పరికరాలను ఈ మూడవ సంస్థలో పరీక్షిస్తారు. మా మనస్సులో ఒక తేలికైన ఊహ ఉండేది: గని కార్మికుడి తలదీపం కంటె సురక్షితమైన దీపం లోకంలో ఏముంటుంది? దానినే కొని తెచ్చి మన నేలమాళిగలో వాడితే సరి!

ఆ ఊహ మొదటి రోజు మధ్యాహ్నానికే చెదిరిపోయింది.

ఈ రకం పరీక్షలలో స్పార్కు యంత్రమని ఒకటి వాడతారు. చిన్న గదిలో కాడ్మియం బిళ్ళ ఒకటి తిరుగుతూ ఉంటుంది. దానిపై టంగ్‌స్టన్ తీగలు రాసుకొంటూ పోతాయి. బ్యాటరీ వలయాన్ని దానికి కలిపి, గదిని ప్రేలుడు మిశ్రమంతో నింపి, వందలసార్లు నిప్పురవ్వ పుట్టిస్తారు. గ్యాస్ ఒక్కసారి అంటుకొన్నా ఆ దీపం తప్పినట్లే. నికెల్–కాడ్మియం సెల్లులోని కాడ్మియమే ఇక్కడ న్యాయాధిపతి పీఠమెక్కడం చూచి మాకు ముచ్చట కలిగింది. గని దీపాలకు ఆ గదిలో నింపేది 8.3 శాతం మీథేన్ గల గాలి. కఠినమైన తరగతికి నింపేది 21 శాతం హైడ్రోజన్.

మా ఇంజనీరమ్మ అక్కడే నోటుపుస్తకం తెరిచి లెక్క చూపింది. మీథేన్‌ను అంటించడానికి సుమారు 0.28 మిల్లీజౌల్ శక్తి కావాలి. హైడ్రోజన్‌కు 0.02 చాలు. అంటే పదునాలుగవ వంతు! మన కోక్ ఓవెన్ గ్యాస్‌లో సగానికి మించి హైడ్రోజనే. గని దీపంపై ఉండే గుర్తు గ్రూపు 1, మీథేన్‌కు మాత్రమే. "సార్, గనిలో ప్రాణం కాపాడే దీపమే మన దగ్గర అగ్గిపుల్ల కావచ్చు" అన్నదామె. మేము కఠినమైన 2-సి తరగతినే కోరవలెనని అప్పటికప్పుడు నిశ్చయించుకొన్నాము.

ఇంకొక సంగతి అక్కడే మనస్సుకెక్కింది. ధ్రువపత్రం టార్చికి ఒక్కదానికే ఇవ్వరు. అందులో పేర్కొన్న బ్యాటరీతో కలిపి ఇస్తారు. సెల్లు మారిస్తే ఆ కాగితం చెల్లదు. షార్టు అయినప్పుడు ఎంత కరెంటు వదులుతుంది, ఎంత వేడెక్కుతుంది అన్నవి సెల్లుకూ సెల్లుకూ భిన్నం. అయిదు నిముషాలలో ఎవరైనా వివరించగల ఈ విషయాన్ని, బజారు సెల్లులు కొన్ననాడు మేము ఎవరినీ అడగలేదు. బ్యాటరీయే కదా, ఏమవుతుందన్న ధీమా ఇంజనీర్లకు కొత్త కాదు. 1913 అక్టోబరు 14న వేల్స్ దేశపు సెంఘెనిడ్ గనిలో 439 మంది కార్మికులు ప్రేలుడుకు బలియైనప్పుడు, అనుమానించిన కారణాలలో బ్యాటరీతో మ్రోగే సంకేతపు గంట తీగల నిప్పురవ్వ ఒకటి. అంత తక్కువ ఓల్టేజి హాని చేయదని అప్పటివరకు నమ్మేవారు.

ఆ రాత్రి అతిథిగృహంలో మేము సొంత పరీక్ష పెట్టుకొన్నాము. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఎవరైనా ఇంట్లో చేసికోవచ్చు. తెల్లగోడకు ఎదురుగా బల్లమీద నాలుగు టార్చిలను వరుసగా పెట్టి, అన్నిటినీ ఒకేసారి వెలిగించి, అరగంటకొకసారి కాంతిమాపకంతో వెలుగు కొలిచి వ్రాసికొన్నాము. చలి ఎముకలు కొరుకుతున్నది. కంబళ్ళు కప్పుకొని వంతులవారీగా మేల్కొన్నాము. కొంతసేపటికి మా గదిలో నాలుగు వేర్వేరు వయస్సుల మనుషులున్నట్లు అనిపించసాగింది.

మొదటిది ఫోర్‌మన్‌గారి ఇత్తడి టార్చి: జింక్ సెల్లులు, తంతువు బల్బు. గంటకే పసుపెక్కింది, మూడవ గంటకు ఎర్రబడింది. మా ఇంజనీరమ్మ జాలిగా చూచింది. రెండవది ఆల్కలైన్ సెల్లుల టార్చి. ఒక్కొక్క సెల్లు కొత్తగా ఉన్నప్పుడు 1.5 ఓల్టులు. దాని కాంతి వాలుబాటలో నడిచినట్లు నెమ్మదిగా తగ్గింది. మూడవది నికెల్–మెటల్ హైడ్రైడ్, తిరిగి నింపగలది, 1.2 ఓల్టులు. ఓల్టేజి తక్కువ కదా అని చాలామంది దీనిని చిన్నచూపు చూస్తారు. కాని ఈ సెల్లు తన 1.2ను చివరిదాకా దాదాపు నిలుపుకొంటుంది. ఆల్కలైన్ సగం ప్రయాణంలోనే ఆ స్థాయికి దిగివస్తుంది. గోడమీద దాని వెలుగు చాలాసేపు కదలలేదు. పోయేముందు ఒక పావుగంట క్షీణించింది.

నాలుగవది మా ప్రమాదపు టార్చి వంటిదే, అసలైన లిథియం అయాన్ సెల్లుతో. నిండినప్పుడు 4.2 ఓల్టులు, సగటున 3.6. బరువుకు తగిన శక్తిలో మిగిలిన మూడూ దీనికి సాటిరావు. 1991లో మార్కెట్టుకు వచ్చి, 2019లో సృష్టికర్తలకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన సెల్లు ఇది. అర్ధరాత్రి దాటినా గోడపై మొదటి క్షణంలో ఎంత వెలుగున్నదో అంతే ఉన్నది. ఇందులో సర్క్యూటు, సెల్లు నీరసించిన కొద్దీ ఎక్కువ కరెంటు లాగి వెలుగును నిలబెడుతుంది. సెల్లు ప్రమాదస్థాయికి దిగగానే రక్షణ సర్క్యూటు తలుపు మూసివేస్తుంది. ఒంటిగంట నలుబది నిముషాలకు, మేము ముగ్గురమూ చూస్తుండగా, ఆ నాలుగవ భాగం గోడ చీకటైపోయింది.

ఎవరూ మాట్లాడలేదు. ఇది తప్పుడు సెల్లు కాదు, అసలైనది. రక్షణ సర్క్యూటు తన ధర్మం తాను నిర్వర్తించింది, సెల్లును కాపాడింది. మనిషి దాని లెక్కలో లేడు. అంతవరకు నెపమంతా బజారు సెల్లుల మీద వేసి కొంత ఊరట పొందుతూ వచ్చాము. మంచి సెల్లు వేసినా మా ఫిట్టరు అలాగే చీకటిలో నిలిచేవాడని, కాకుంటే రెండు గంటలు ఆలస్యంగా నిలిచేవాడని ఆ రాత్రి తెలిసింది. మేము ఇన్నాళ్ళూ ఎంతసేపు వెలుగుతుందని అడిగాము. ఎలా ఆరిపోతుందని ఎన్నడూ అడుగలేదు.

తెల్లవారి చూస్తే ఇత్తడి టార్చి ఇంకా మిణుకుమంటున్నది. అక్షరాలు చదివే వెలుగు కాదు గాని, ద్వారమెటున్నదో చూపగలదు. ఫోర్‌మన్‌గారు ఏమీ అనకుండా దానిని ఆర్పి సంచిలో పెట్టుకొన్నారు.

మరునాడు ఝరియా వెళ్ళాము. మన ఉక్కు కర్మాగారాలకు కావలసిన మేలురకం కోకింగ్ బొగ్గుకు ఈ సీమ పుట్టినిల్లు. ఇక్కడి భూగర్భపు నిప్పు మొదట 1916లో భౌరా గనిలో నమోదైంది, నేటికీ చల్లారలేదు. నెర్రెలిచ్చిన నేలనుండి పొగలు, గంధకపు వాసన. ఆ అంచుననే ఇండ్లు, ఇండ్ల ముందు ఆడుకొనే పిల్లలు, నెత్తిన బొగ్గు గంపలతో స్త్రీలు. సంధ్యవేళ పగుళ్ళలో ఎరుపు కనిపించింది. మన ఓవెన్లలో మనం గోడలు కట్టి, గాలి మూసి, గంటల లెక్కన చేసే పనిని ఇక్కడ భూమి తన ఇష్టం వచ్చినట్లు నూరేండ్లుగా చేస్తున్నది. ఈ దృశ్యాన్ని గూర్చి వ్రాయాలంటే వేరే వ్యాసం కావాలి.

దగ్గరలోని ఒక భూగర్భ గనిలో దీపాల గదిని చూడడానికి అనుమతి లభించింది. అక్కడివారు బత్తీ ఘర్ అంటారు. గోడనిండా అంకెలు వేసిన అరలు, ఛార్జింగు కొక్కేలు. షిఫ్టుకు దిగేవాడు తన బిళ్ళ ఇచ్చి, తన అంకె గల దీపం తీసికొంటాడు. పైకి రాగానే దీపం అదే అరలో పెడతాడు. ఖాళీ అర కనిపిస్తే మనిషి ఇంకా క్రిందనే ఉన్నాడన్నమాట. ముప్పదియేండ్లుగా ఆ గది చూస్తున్న పెద్దాయన మాకు మట్టి గ్లాసులలో టీ ఇప్పించి, ఒక మూలనున్న పాత దీపం చూపాడు. నడుముకు కట్టుకొనే సీసం–ఆమ్లం బ్యాటరీ, రెండు సెల్లులు, నాలుగు ఓల్టులు, రెండు కిలోలు దాటిన బరువు. ఆమ్లం ఒలికి చొక్కాలకు చిల్లులు, వీపుకు బొబ్బలు. ఇప్పటి లిథియం దీపం హెల్మెట్టు మీదనే కూర్చుంటుంది. "నడుములు బాగుపడ్డాయి సాహబ్" అన్నాడు.

మరి పాతదానిలో మంచి ఏదీ లేదా అని అడిగాము. కొంచెం ఆలోచించి, "అది ముసలాయనలా పోయేది. అందరికీ కబురు పెట్టి, పసుపెక్కి, నెమ్మదిగా. ఇది పడుచువాడి గుండెపోటు" అన్నాడు. నిన్నటి రాత్రి గోడమీద మేము కొలిచినదంతా రెండు మాటలలో!

కొత్త కార్మికులకు తాను చెప్పే మాట కూడా చెప్పాడు: చిక్కుకుపోతే ఒకరి దీపం వెలిగించి మిగిలినవన్నీ ఆర్పండి. దీపం ఒక షిఫ్టుకు సరిపడేది. ఆపద షిఫ్టు చూచుకొని రాదు. 1989 నవంబరులో ఇక్కడికి తూర్పున రాణీగంజ్ మహావీర్ గనిలో నీరు చొచ్చుకొని వచ్చినప్పుడు, జస్వంత్ సింగ్ గిల్ అనే ఇంజనీరు ఉక్కు గొట్టంలో తానే దిగి 65 మందిని పైకి పంపేసరికి మూడు రోజులు పట్టింది.

తిరుగు ప్రయాణానికి ముందు చాస్‌నాలా స్మారకం వద్ద ఆగాము. 1975 డిసెంబరు 27న పాత త్రవ్వకాలలో నిలిచిన నీరు గనిలోకి విరుచుకుపడి 375 మంది మరణించారు. ఆ జలప్రళయం ముందు ఏ బ్యాటరీ ఏమి చేయగలదు? మేమేమీ మాట్లాడుకొనలేదు. ఫోర్‌మన్‌గారు చెప్పులు విడిచి దండం పెట్టారు.

రైలులో కూర్చుని నిర్ణయాలు వ్రాసికొన్నాము. గ్యాస్ ఉండే చోట్లకు 2-సి తరగతి టార్చి, దాని ధ్రువపత్రంలో ఉన్న బ్యాటరీ మాత్రమే, ధర ఎంతైనా సరే. లిథియం వద్దనలేదు, కాని పోయేముందు కనీసం అరగంట కాంతి తగ్గి మెరుస్తూ హెచ్చరించని దీపం ఎంత గొప్పదైనా వద్దు. నింపడమూ, విప్పడమూ గ్యాస్ ప్రాంతానికి వెలుపలి గదిలోనే. బత్తీ ఘర్ పద్ధతిలో ప్రతి టార్చికి అంకె, అర. ప్రతి బ్యాటరీపై కొన్న తేదీ; ఏడాదికొకసారి పూర్తిగా ఖాళీచేసి కొలిచి, నూటికి ఎనుబదికి దిగినవి తొలగించడం. క్రిందికి దిగే ప్రతివాని వద్ద రెండవ చిన్న టార్చి, అదీ అదే తరగతిది.

గ్యాస్ లేని చోట్లకు నికెల్–మెటల్ హైడ్రైడ్ చాలునన్నాము. అందులోనూ 2005 తరువాత వచ్చిన, నిలువలో ఏడాది గడిచినా అధికభాగం ఛార్జి నిలుపుకొనే రకం. మామూలు రకం నెలరోజులకే చెప్పుకోదగినంత కోల్పోతుంది. పాతవి, కొత్తవి కలిపి ఒకే టార్చిలో వేయరాదు: వరుసలోని బలహీనమైన సెల్లును మిగిలినవి తలక్రిందులుగా నడిపి పాడుచేస్తాయి. ఇంట్లో పిల్లల బొమ్మలకు సైతం ఈ నియమం వర్తిస్తుంది.

అత్యవసర అలమారలలోని టార్చిల విషయంలో మాలో వాదం జరిగింది. ఇంజనీరమ్మ వాటికి కూడా తిరిగి నింపే బ్యాటరీలే అన్నది. మేము కాదన్నాము. ఆరునెలలు ఎవరూ తెరవని అలమారలో బ్యాటరీని నింపేదెవరు? అక్కడ ఒక్కసారి వాడి పారవేసే సెల్లులే మేలు, టార్చి తయారీదారు అనుమతించిన రకం, గడువు తేదీ తలుపుపై వ్రాసి. రాయగడ చేరేసరికి ఆమె ఒప్పుకొన్నది. పూర్తిగా ఒప్పుకొన్నదని మాత్రం చెప్పలేము.

కొత్త టార్చిలు వచ్చేసరికి వేసవి. మొదటిది ఆ ఫిట్టరు చేతికే ఇచ్చాము. మణికట్టు అతుకుకొన్నది గాని వేళ్ళు ఇంకా బిగువుగానే ఉన్నాయి. రెండుసార్లు వెలిగించి ఆర్పి, అటూ ఇటూ త్రిప్పి, "ఇది పోయే ముందు సెప్తాదా బాబూ?" అని అడిగాడు. చెబుతుందన్నాము. "ఎంత ముందుగా?" అరగంట అన్నాము. "మీరు సూసినారా?" చూచామన్నాము, గోడ ఎదుట కూర్చుని, గడియారం పెట్టుకొని, ముమ్మారు.

అప్పుడు పుస్తకం తెరిచి, ఎడమచేత్తో సంతకం చేసి తీసికొన్నాడు.